ఫోన్‌లో రైలు నడిపే గేమ్ నుంచి నాచారం దాకా: ట్రైన్ సిమ్యులేటర్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక గేమ్ గురించి మాట్లాడుకుందాం. గేమ్ అంటే షూటింగ్ కాదు, క్రికెట్ కాదు. రైలు నడిపే గేమ్. మీలో చాలామంది ఫోన్‌లో ఒక్కసారైనా ఆడే ఉంటారు. థ్రాటిల్ పెంచుతాం, హారన్ కొడతాం, స్టేషన్ వస్తుంది, బ్రేక్ వేస్తాం. బండి ప్లాట్‌ఫామ్ దాటి పోతుంది. రీస్టార్ట్ నొక్కుతాం. అంతే.

ఆ రీస్టార్ట్ బటన్ నిజం రైలులో లేదు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ తేడా గురించే. గేమ్ లోపల రైలు ఎలా కదులుతుంది, ఆ గేమ్‌లు ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చాయి, అదే లెక్క మన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నిజం ఇంజిన్‌లోకి ఎలా ఎక్కుతోంది, ఇవన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఏ రైలు సిమ్యులేటర్ అయినా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒకటి, బండి ఎలా కదులుతుంది? రెండు, ఎలా ఆగుతుంది? మూడు, ఎప్పుడు వెళ్లాలో ఎవరు చెప్తారు? మొదటి రెండూ ఫిజిక్స్. మూడోది సిగ్నలింగ్. గేమ్‌ల చరిత్ర చూస్తే, ఒక్కో కాలంలో ఒక్కో ప్రశ్న మీద పని జరిగింది.

కంప్యూటర్ కంటే ముందు

కథ కంప్యూటర్‌తో మొదలవదు, బొమ్మ రైలుతో మొదలవుతుంది. 1946లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టూడెంట్స్ ఒక క్లబ్ పెట్టుకున్నారు. పేరు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. పెద్ద టేబుల్ మీద చిన్న పట్టాలు, చిన్న ఇంజిన్లు. క్లబ్‌లో ఒక బ్యాచ్‌కి బొమ్మ ఇళ్లు, చెట్లు, కొండలు ఇష్టం. ఇంకో బ్యాచ్‌కి టేబుల్ కింద ఉన్న వైర్లు ఇష్టం. ఈ రెండో బ్యాచ్ వాళ్లు టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లలో వాడే రిలేలు తెచ్చి, ఏ ట్రాక్‌కి కరెంట్ వెళ్లాలి, ఏ పాయింట్ ఎటు తిరగాలి అనేదంతా వాటితో నడిపించారు.

మనం రోజూ వాడే "హ్యాక్" అనే మాట ఇప్పటి అర్థంలో పాపులర్ అయింది ఈ క్లబ్ నుంచే. 1962లో పీడీపీ-1 కంప్యూటర్ మీద స్పేస్‌వార్ అనే గేమ్ రాసిన స్టీవ్ రసెల్ కూడా ఈ క్లబ్ మెంబరే. వీడియో గేమ్‌ల చరిత్రలో తొలి పేజీల్లో ఉండే గేమ్ అది. అంటే బొమ్మ రైలు టేబుల్ కింద వైర్లు కలిపిన కుర్రాళ్ల చేతుల్లోంచే అది కూడా వచ్చింది. బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పాయింట్ నోట్ చేసుకోండి. రైలు సిగ్నల్ సిస్టమ్‌కీ, మన సాఫ్ట్‌వేర్‌కీ చుట్టరికం చాలా పాతది.

48 కేబీలో ఆవిరి ఇంజిన్

ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక, 1985లో బ్రిటన్‌లో హ్యూసన్ కన్సల్టెంట్స్ వాళ్లు సదరన్ బెల్ అనే గేమ్ తెచ్చారు. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ మీద నడిచేది. మెమరీ 48 కేబీ. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటోకి కూడా అది చాలదు. అంత చిన్న చోట లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి బ్రైటన్ దాకా ఆవిరి ఇంజిన్ నడపాలి. బొమ్మలు దాదాపు గీతలే. కానీ బాయిలర్‌లో ప్రెషర్ చూసుకోవాలి, నిప్పు చూసుకోవాలి, స్పీడ్ లిమిట్ పాటించాలి, టైమ్‌కి చేరాలి. గ్రాఫిక్స్ లేకపోయినా సిమ్యులేషన్ చేయొచ్చని అప్పుడే తేలిపోయింది.

ఆ తర్వాత దారి రెండుగా చీలింది.

ఒక దారి, పైనుంచి చూసే గేమ్‌లు. 1990లో సిడ్ మైయర్ రైల్‌రోడ్ టైకూన్, 1994లో క్రిస్ సాయర్ ట్రాన్స్‌పోర్ట్ టైకూన్. ఇందులో మీరు డ్రైవర్ కాదు, ఓనర్. పట్టాలు వేయాలి, బండ్లు కొనాలి, సరుకు మోయాలి, లాభం తేవాలి. సాయర్ ఆ గేమ్‌ని చాలావరకు అసెంబ్లీ లాంగ్వేజ్‌లో రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని 2004లో మొదలైన ఓపెన్ టీటీడీ అనే ఓపెన్ సోర్స్ గేమ్ ఇప్పటికీ బతికే ఉంది, ఫోన్‌లో కూడా ఫ్రీగా దొరుకుతుంది. పేరు చూసి తిరుమల అనుకోకండి, ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ అన్నమాట. సిగ్నల్ ఎందుకు పెడతారో అర్థం కావాలంటే అది ఆడండి. ఒక్క లైన్ మీద రెండు బండ్లు వదిలి, సిగ్నల్ పెట్టకుండా చూడండి. ఐదు నిమిషాల్లో మొత్తం జామ్. ఉప్పల్ చౌరస్తాలో సాయంత్రం ఏడింటికి ఉండే సీనే.

రెండో దారి, క్యాబ్‌లో కూర్చునే గేమ్‌లు. 1996లో జపాన్‌లో టైటో కంపెనీ డెన్షా డి గో అనే ఆర్కేడ్ మెషీన్ తెచ్చింది. నిజం రైల్లో ఉన్నట్టే హ్యాండిల్స్. గెలుపు దేంట్లో అంటే వేగంలో కాదు. చెప్పిన సెకనుకి, చెప్పిన గీత దగ్గర, లోపల జనం తూలకుండా ఆపడంలో. జనం కాసులు వేసి మరీ బ్రేక్ వేయడం నేర్చుకున్నారు.

2001: గేమ్ లోపల టెక్స్ట్ ఫైల్

ఇప్పుడు అసలు మలుపు. 2001లో ఒకే ఏడాది రెండు గేమ్‌లు వచ్చాయి. ఆస్ట్రేలియాలో ఆరన్ కంపెనీ ట్రెయిన్జ్, బ్రిటన్‌లో కుజు అనే స్టూడియో తయారుచేసి మైక్రోసాఫ్ట్ పేరు మీద వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్.

మైక్రోసాఫ్ట్ గేమ్‌లో మొత్తం ఆరు రూట్లు. అమెరికావి రెండు, జపాన్‌వి రెండు, బ్రిటన్‌ది ఒకటి, ఆస్ట్రియాది ఒకటి. ఇండియా లేదు. ప్రపంచంలోనే పెద్ద రైల్వేల్లో ఒకటైన మనది లేదు. కానీ ఆ గేమ్ తయారీలో ఒక నిర్ణయం మన కథని మార్చేసింది. ఇంజిన్ వివరాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌లో పెట్టారు. ఇంజిన్ బరువు ఎంత, పవర్ ఎంత, లాగే బలం ఎంత, బ్రేక్ ఎంత, అన్నీ ఒక ఫైల్‌లో వరుసగా లైన్లు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అంకె మారిస్తే ఇంజిన్ మారిపోతుంది.

లోపల ఏం జరుగుతుందో సింపుల్‌గా చెప్తా. సెకనుకి ఎన్నోసార్లు గేమ్ ఒకే లెక్క వేస్తుంది. ఇంజిన్ లాగే బలం నుంచి అడ్డుపడే బలాలన్నీ తీసేయి. మిగిలిందాన్ని బరువుతో భాగించు. అదే యాక్సిలరేషన్. దాంతో స్పీడ్, స్పీడ్‌తో కొత్త పొజిషన్. మళ్లీ మొదటికి. అడ్డుపడే బలాల్లో ఒకటి పట్టాల రాపిడి, ఒకటి గాలి, ఒకటి ఎత్తు. రైలుకి ఎత్తు ఎంత బరువో చూడండి. వంద మీటర్లకి ఒక్క మీటర్ ఎక్కే దారి. నడిచేవాళ్లకి ఎత్తు అని కూడా తెలియదు. వెయ్యి టన్నుల బండికి మాత్రం అది పది టన్నుల బలంతో వెనక్కి లాగడం. ఇనుప చక్రం, ఇనుప పట్టా కాబట్టి పట్టు తక్కువ. తడిస్తే ఇంకా తక్కువ. అందుకే వానలో ఘాట్ ఎక్కేటప్పుడు చక్రాలు జారతాయి, లోకో పైలట్ పట్టాల మీద ఇసుక వదులుతాడు. మంచి సిమ్యులేటర్లో ఆ ఇసుక బటన్ కూడా ఉంటుంది.

ఇక బ్రేక్. గంటకి 110 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్న బండి, సెకనుకి అర మీటర్ చొప్పున వేగం తగ్గుతోంది అనుకుందాం. ఆగడానికి దాదాపు 930 మీటర్లు పడుతుంది. అదే బండి 55లో ఉంటే దాదాపు 230 మీటర్లు. స్పీడ్ సగం అయితే దూరం నాలుగో వంతు. కారు నడిపే అలవాటుతో గేమ్ మొదలుపెట్టే ప్రతివాళ్లూ ప్లాట్‌ఫామ్ దాటేది అందుకే. స్టేషన్ కనపడ్డాక బ్రేక్ వేస్తే లేట్. స్టేషన్ ఇంకా కనపడకముందే వేయాలి. ఈ వాక్యం మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మన ఇంజిన్లు ఎలా వచ్చాయి

టెక్స్ట్ ఫైల్ తెరిచి ఉంది కాబట్టి మన రైలు పిచ్చోళ్లు పని మొదలుపెట్టారు. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్, డబ్ల్యూఏపీ-4 ఎలక్ట్రిక్ ఇంజిన్, నీలం రంగు ఐసీఎఫ్ బోగీలు, ఒక్కొక్కటి త్రీడీలో గీసి, బరువు, పవర్ అంకెలు వెతికి, హారన్ సౌండ్ నిజం స్టేషన్‌లో రికార్డ్ చేసి గేమ్‌లోకి ఎక్కించారు. తర్వాత రూట్లు. ఎవరూ జీతం ఇవ్వలేదు. పగలు కాలేజీ, రాత్రి బోగీకి కిటికీలు గీయడం.

వాళ్లు చేసింది ఉత్త బొమ్మలు కాదు. డబ్ల్యూడీఎం-2 ఆల్కో ఇంజిన్ 2,600 హార్స్‌పవర్. థ్రాటిల్ పెంచగానే నల్లపొగ వదిలి, కాసేపు ఆలోచించి అప్పుడు కదులుతుంది. ఎలక్ట్రిక్ ఇంజిన్ అట్లా కాదు. ఆ తేడా గేమ్‌లో తెలియాలి. మౌలాలి డీజిల్ షెడ్, లాలాగూడ ఎలక్ట్రిక్ షెడ్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకి అది చెవులతోనే తెలుస్తుంది. నాచారం నుంచి మౌలాలి ఎంత దూరం, చెప్పండి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి నిజాం రైలు వచ్చినప్పటి నుంచి ఈ తూర్పు వైపు బతుకంతా పట్టాల పక్కనే.

అంతలో ఒక దెబ్బ. మైక్రోసాఫ్ట్ రెండో వెర్షన్ ప్రకటించింది, ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టింది. 2009లో ఆ స్టూడియోనే మూసేసింది. మామూలుగా అయితే కథ అయిపోయినట్టే. కానీ అదే ఏడాది ఓపెన్ రైల్స్ అనే ప్రాజెక్ట్ మొదలైంది. పాత గేమ్ ఫైళ్లన్నీ చదవగల కొత్త ఇంజిన్, ఓపెన్ సోర్స్. 2015లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. కంపెనీ వెళ్లిపోయింది, కానీ మనవాళ్లు గీసిన బోగీలు మిగిలాయి. ఫార్మాట్ తెరిచి ఉంటే పని వృథా పోదు. మీరు ఏ యాప్‌లో ఏళ్ల తరబడి పని దాచుకున్నా సరే, ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: రేపు ఇది మూతపడితే నా ఫైల్ ఇంకెక్కడైనా తెరుచుకుంటుందా?

మరోవైపు కమర్షియల్ గేమ్‌లు పెరిగాయి. 2007లో రైల్ సిమ్యులేటర్, దాని వారసులుగా రైల్‌వర్క్స్, ట్రైన్ సిమ్యులేటర్, 2017లో ట్రైన్ సిమ్ వరల్డ్. బొమ్మ అద్భుతం. రూటుకో రేటు.

ఇక ఫోన్. చెన్నైకి చెందిన హైబ్రో ఇంటరాక్టివ్ కంపెనీ ఇండియన్ ట్రైన్ సిమ్యులేటర్ తెచ్చాక కంప్యూటర్ లేని పిల్లలకి కూడా మన ఇంజిన్లు, మన స్టేషన్లు చేతికొచ్చాయి. ఫోన్ గేమ్‌లో కొన్ని వదులుకోవాలి. స్క్రీన్ చిన్నది, బ్యాటరీ చిన్నది, ఆడే టైమ్ పది నిమిషాలు. అందుకే దూరాలు కుదిస్తారు, బ్రేక్ హ్యాండిల్‌ని ఒక స్లైడర్ చేస్తారు. నిజం బండిలో ఇంజిన్ నుంచి చివరి బోగీ దాకా గాలి పైపు ఉంటుంది, అందులో 5 కేజీల ప్రెషర్. బ్రేక్ వేయడం అంటే ఆ గాలి వదలడం. పైపు తెగితే గాలి పోతుంది, బండి తనంతట తానే ఆగుతుంది. పొడవు గూడ్స్‌లో ఆ మార్పు చివరి వ్యాగన్ దాకా పాకడానికి టైమ్ పడుతుంది, మళ్లీ గాలి నిండడానికి ఇంకా ఎక్కువ టైమ్. కొన్ని గేమ్‌లు దీన్ని పూర్తిగా లెక్కేస్తాయి, కొన్ని వదిలేస్తాయి. గేమ్ మంచిదా కాదా అని తేల్చడానికి నేను చూసేది ఇదే, చెట్ల ఆకులు కాదు.

మూడో ప్రశ్న: ఎవరు చెప్తారు?

స్టేషన్ కనపడకముందే బ్రేక్ వేయాలి అన్నాం కదా. మరి కనపడనిదానికి బ్రేక్ ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుంది? సిగ్నల్ చెప్తుంది. లైన్‌ని ముక్కలు చేస్తారు. ఒక ముక్కలో ఒక్క బండే. మన దగ్గర నాలుగు రకాల సూచనలు ఉండే సిగ్నల్‌లో ఆకుపచ్చ అంటే వెళ్లు. రెండు పసుపులు అంటే చూసుకో, ముందు వేగం తగ్గించాల్సి ఉంటుంది. ఒక పసుపు అంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి రెడీగా ఉండు. ఎరుపు అంటే ఆగు. సాఫ్ట్‌వేర్ భాషలో ఇది స్టేట్ మెషీన్. మొత్తం దేశం కోసం ఈ సిగ్నల్ ఇంజినీర్లకి ట్రైనింగ్ ఇచ్చే సంస్థ, ఐరిసెట్, 1957 నుంచి మన సికింద్రాబాద్‌లోనే, తార్నాక పక్కనే ఉంది.

గేమ్‌లో ఎరుపు దాటితే ఏమవుతుంది? పాయింట్లు పోతాయి, లేదా గేమ్ ఓవర్. నిజంలో ఏమవుతుందో మనవాళ్లకి తెలుసు. 2023 అక్టోబర్ 29 సాయంత్రం విజయనగరం జిల్లాలో, కంటకాపల్లి, అలమండ మధ్య. విశాఖ నుంచి పలాస వెళ్లే ప్యాసింజర్ ముందు ఉంది. వెనక వచ్చిన రాయగడ ప్యాసింజర్ సిగ్నల్ దగ్గర ఆగకుండా వచ్చి దాన్ని గుద్దింది. 14 మంది చనిపోయారు. ఆ లైన్‌లో అప్పటికి కవచ్ లేదు.

నాచారం

కవచ్ అంటే ఏంటి? నా లెక్కలో చెప్పాలంటే, ఇంజిన్ లోపల ఎప్పుడూ నడుస్తూ ఉండే ఒక సిమ్యులేటర్. పట్టాల మధ్య ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు పెడతారు. మన ఫాస్టాగ్ లాంటివే అనుకోండి. ఇంజిన్ వాటిని చదివి "నేను ఎక్కడున్నా" అని తెలుసుకుంటుంది. స్టేషన్‌లో ఉన్న యూనిట్ రేడియోలో "నీకు ముందు సిగ్నల్ ఇది, ఇంత దూరం దాకా వెళ్లొచ్చు" అని చెప్తుంది. ఇంజిన్‌లో కంప్యూటర్ ఇందాక మనం వేసిన లెక్కే వేస్తుంది: ఇప్పుడున్న స్పీడ్‌లో, ఈ బరువుతో, ఈ ఎత్తుపల్లంలో, ఎర్ర సిగ్నల్ లోపు ఆగాలంటే ఎక్కడ బ్రేక్ మొదలవ్వాలి? లోకో పైలట్ వేస్తే సరే. వేయకపోతే ముందు హెచ్చరిస్తుంది, అప్పటికీ వేయకపోతే తానే వేస్తుంది. 930 మీటర్ల లెక్క గుర్తుందా? అదే.

ఇప్పుడు మన ఏరియా సంగతి. కవచ్‌ని రైల్వేల పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓతో కలిసి మొదట తయారుచేసిన కంపెనీలు మూడు: మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మూడూ హైదరాబాద్‌వే. మేధా అయితే మన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోదే. వందే భారత్ తొలి రైలు, ట్రైన్ 18కి మోటార్లని నడిపే ఎలక్ట్రిక్ సిస్టమ్ ఇచ్చింది కూడా వీళ్లే. మీరు రోజూ బస్సులో దాటిపోయే గేటు లోపల సంగతి ఇది.

ప్రయాణికుల బండ్ల మీద ట్రయల్స్ 2016లో దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. 2020లో దీన్ని దేశం మొత్తానికి స్టాండర్డ్‌గా తీసుకున్నారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే లైన్ మీద ఎదురెదురుగా రెండు ఇంజిన్లు వదిలారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, ఇంకోదాంట్లో రైల్వే బోర్డు చైర్మన్. 380 మీటర్ల దూరం ఉండగానే ఇంజిన్ తనంతట తానే ఆగింది. గేమ్‌లో ఎన్ని టెస్టులు పాసైనా, రాసినవాళ్లు, పెట్టించినవాళ్లు అందులో కూర్చునే ధైర్యం చేయడం వేరే లెవెల్ టెస్టింగ్.

మరి కంటకాపల్లిలో ఎందుకు లేదు? లెక్క తెలియక కాదు. లెక్క ఒకసారి రాస్తే చాలు. ట్యాగులు మాత్రం పట్టాల పొడవునా పెట్టాలి, టవర్లు కట్టాలి, ప్రతి స్టేషన్‌లో యూనిట్, ప్రతి ఇంజిన్‌లో యూనిట్. 2024 నాటికి కవచ్ ఉన్న లైన్ 1,400 కిలోమీటర్లకు పైగా, అది కూడా మన దక్షిణ మధ్య రైల్వేలోనే. దేశంలో ఉన్న రూటు దాదాపు 68 వేల కిలోమీటర్లు. గేమ్‌లో అప్‌డేట్ ఒక్క రాత్రిలో అందరి ఫోన్లకి వెళ్తుంది. పట్టాల మీద అప్‌డేట్‌ని మనుషులు ఎండలో నడుచుకుంటూ, ట్యాగ్ తర్వాత ట్యాగ్ బిగించాలి. మన డెవలపర్లకి ఈ తేడా ఎప్పుడూ ఒంటబట్టదు.

ఉప్పల్

ఇంకో అడుగు ముందుకి చూడాలంటే ఉప్పల్ మెట్రో ఎక్కండి. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా మొదలైన మెట్రోలో సిగ్నలింగ్ సీబీటీసీ పద్ధతిలో ఉంటుంది. అంటే రైలు తన పొజిషన్‌ని రేడియోలో చెప్తూనే ఉంటుంది. లైన్‌ని ముక్కలుగా కోసే బదులు, ముందు రైలు కదిలే కొద్దీ వెనక రైలుకి అనుమతి కూడా ముందుకి కదులుతుంది. ఎక్కువ టైమ్ వేగం పెంచేది, స్టేషన్‌లో గీత దగ్గర ఆపేది కంప్యూటరే. డెన్షా డి గోలో జనం కాసులు వేసి నేర్చుకున్న పని అన్నమాట. ఆపరేటర్ తలుపులు, ప్లాట్‌ఫామ్, మనుషులు చూసుకుంటాడు. ఈ మొత్తాన్ని చూసే ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్ ఉప్పల్ డిపోలోనే ఉంది. అక్కడి స్క్రీన్ల మీద గీతలు, రంగులు, కదిలే నంబర్లు. గ్రాఫిక్స్ ఏమీ ఉండవు. సదరన్ బెల్ లాగే.

సో ఫ్రెండ్స్, ఈ వారం ఒక చిన్న పని చేయండి. ఏ రైలు గేమ్ అయినా సరే, ఒక్క స్టేషన్ తీసుకోండి. 110లో రండి, ఎక్కడ బ్రేక్ మొదలుపెడితే గీత మీద ఆగుతుందో చూసి దూరం రాసుకోండి. తర్వాత 55లో రండి. నాలుగో వంతు వచ్చిందా? వస్తే ఆ గేమ్ ఫిజిక్స్ నిజాయితీగా ఉంది. రాకపోతే అది రైలు బొమ్మ వేసుకున్న కారు గేమ్. రిజల్ట్ కామెంట్‌లో పెట్టండి, గేమ్ పేరుతో సహా. అందరి అంకెలూ కలిపి ఒక టేబుల్ చేద్దాం.

ఇంకొకటి. ట్రిపుల్ ఈ, ఈసీఈ, సీఎస్ఈ చదువుతూ "కోర్ జాబ్స్ ఎక్కడున్నాయి అన్నా" అని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. ఇందాక చెప్పిన బ్రేక్ లెక్క ముందు మీరే పైథాన్‌లో ముప్పై లైన్లలో రాసి చూడండి. ఎత్తు కలపండి, తడి పట్టా కలపండి, రేడియో సిగ్నల్ రెండు సెకన్లు పోతే ఏం చేయాలో కలపండి. ఆ చివరి దగ్గర మీకు తెలుస్తుంది ఇది గేమ్ కాదని. అక్కడ కూడా ఇంట్రెస్ట్ మిగిలితే, మీకు కావాల్సిన అడ్రస్ నాచారంలోనే ఉండొచ్చు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.